అమ్మమ్మ ఎవరి కోసం వడికింది?

2020లో బడులు మూతపడ్డాక మా అమ్మాయి ఎనిమిదో తరగతి మా వంటింటి బల్ల దగ్గర చదివింది. ఫోనులో పాఠం కాసేపే. మిగిలిన రోజంతా పిల్ల మా చేతుల్లో ఉండేది. లెక్కలూ సైన్సూ వాళ్ళ నాన్న తీసుకున్నాడు. చరిత్ర నాకు వచ్చింది. ఇంట్లో పనుల పంపకంలాగే ఇక్కడా, ఎవరైనా చెప్పేయొచ్చు అనుకున్నదేదో అది నా వంతుకి వచ్చిందన్నమాట.

ఆ రోజు పాఠం బ్రిటిష్ పాలనలో చేతివృత్తుల పతనం. నేతగాళ్ళ గురించి పేజీలకి పేజీలున్నాయి. ఢాకా మస్లిన్, బందరు అద్దకాలు, సముద్రాలు దాటిన మన బట్ట, ఆ తర్వాత మాంచెస్టర్ మిల్లులు, మూలపడిన మగ్గాలు. మధ్యలో ఒకే ఒక్క వాక్యం, నూలు వడికి బతికే పల్లెటూరి ఆడవాళ్ళు వేల మంది పని పోగొట్టుకున్నారని. మా అమ్మాయి పేజీ అంతా పెన్సిలుతో గీతలు గీసుకుంటూ వెళ్ళి ఆ వాక్యాన్ని మాత్రం వదిలేసింది. ఎందుకని అడిగితే, "దాంట్లోంచి ప్రశ్న ఏం వస్తుందమ్మా, పేరు లేదు, తారీఖు లేదు" అంది. నిజమే. వడకడం అంటే ఏమిటో తెలుసా అన్నాను. "నేయడమే కదా!" అంది.

ఏకులా వచ్చి మేకులా తగులుకోవడం అనే సామెత దానికి తెలుసు. ఏకు అంటే ఏమిటో తెలీదు. చెప్పబోయి ఆగిపోయాను. ఏకిన దూదిని పొడుగ్గా చుట్టింది ఏకు అని నాకు తెలిసింది కూడా పుస్తకాల్లోంచే. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నాను గానీ ఒక్క జానెడు నూలు వడికిన చెయ్యి కాదు నాది.

పిల్లలకి చరిత్రని చేతులతో నేర్పాలనే మాట ఇప్పుడు చాలామంది చెప్తున్నారు. మట్టితో హరప్పా ముద్రలు చేయించమని, అట్టముక్కలతో గోల్కొండ కోట కట్టించమని, ఝాన్సీ లక్ష్మీబాయి వేషం వేయించమని సలహాలు. ఇవన్నీ నేనూ చేశాను. బడి నడిచే రోజుల్లో రాత్రి పదకొండింటికి థర్మోకోల్ ముక్కలు కోసి చార్మినార్ నిలబెట్టింది నేనే, పిల్ల అప్పటికే నిద్రపోయింది. ఒకసారి కాకతీయుల కాలం నాటి భోజనం పెడదామని మిరపకాయ, టమాటా, బంగాళదుంప లేకుండా వండాను. అవన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ళ రాక తర్వాత మనదాకా వచ్చినవి కదా. మిరియాల కారంతో పప్పు, చింతపండు పులుసు. పాఠం బాగానే ఎక్కింది. కానీ ఆ పూట చరిత్రని చేతులతో చేసింది నేను, నోటితో తిన్నది వాళ్ళిద్దరూ. చేతులతో నేర్పడం అన్నప్పుడల్లా ఎవరి చేతులు అని ఒకసారి అడిగి చూసుకోవాలి. ఇంటి చదువు పేరుతో తల్లుల మీద పడే ఈ కొత్త చాకిరీని ఎవరూ లెక్కగట్టడం లేదు.

అందుకని ఈసారి నేను చెయ్యకూడదనుకున్నాను. పిల్లే చెయ్యాలి. దేనితో, ఎలా అన్నదే తెలీలేదు. అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. దేవుడి మందసం పక్కన కూచుని వత్తులు చేసుకుంటోంది. "తకిలీ కావాలంటే కొనడం ఎందుకే, పెంకుతో చేసుకోవచ్చు" అంది తలెత్తకుండా.

పగిలిన పూలకుండీ పెంకుని గచ్చు మీద రెండు రోజులు అరగదీసి రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా గుండ్రంగా చేసింది మా అమ్మాయి. మధ్యలో మేకుతో బెజ్జం. అందులో సన్నటి వెదురుపుల్ల దూర్చి, పై కొసన చిన్న గాటు పెట్టాం. తవ్వకాల్లో దొరికి మ్యూజియం అద్దాల వెనక వరసగా పడి ఉండే మట్టిబిళ్ళలు ఇవే. పూసలకీ బొమ్మలకీ దక్కే చూపులో పదో వంతు కూడా వీటికి దక్కదు. సింధు నాగరికత ఊళ్ళ నుంచి ఎన్నో పాతకాలపు ఊళ్ళ దాకా ఇవి దొరికాయి. ఇదే కదురుకి బరువు, దీనివల్లే అది ఆగకుండా తిరుగుతుంది. రెండు రోజులు అరగదీసిన పిల్లకి ఇక ఆ అద్దాల వెనక ఉన్నది వట్టి పెంకు కాదు.

దూది మాత్రం వత్తుల పొట్లంలోదే. మొదటి రోజు పోగు జానెడు కూడా రాలేదు. లావుగా ఒకచోట, వెంట్రుకలా ఒకచోట, పుటుక్కున తెగడం, తకిలీ దొర్లుకుంటూ సోఫా కిందకి పోవడం. వారానికి చెయ్యి కుదిరింది. గంటకి నలభై మూరలు తీసింది. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా అని కూడా అప్పుడే నేర్చుకుంది. తర్వాత అమ్మ తకిలీ అందుకుంది. బడిలో వదిలేశాక మళ్ళీ ముట్టుకోలేదట. ఆ చేతివేళ్ళు అరవై ఏళ్ళ కిందటి పనిని వెతుక్కోడానికి రెండు నిమిషాలు పట్టింది, అంతే. గంటకి రెండు వందల మూరలు. పోగు మొదటి నుంచి చివరిదాకా ఒకే సన్నం.

బడిలో తకిలీ ఎందుకంటే 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన చదువు పద్ధతి అది. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికో ప్రణాళిక రాసింది. చేతిపని చుట్టూ లెక్కలూ భూగోళమూ చరిత్రా అల్లుకోవాలన్నది దాని ఆలోచన. ఆ తర్వాత చాలా బడుల్లో అది తకిలీ పీరియడుగా మిగిలి, చివరికి అదీ పోయింది. ఇవాళ ఇదే మాటని ఖరీదైన బడులు కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముకుంటున్నాయి.

అమ్మ పాత నేత చీర ఒకటి తీసి, గుండుసూదితో ఒక అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టించాను. పడుగు అరవై, పేక అరవై. చీర పొడుగు పన్నెండు మూరలు, పన్నా రెండున్నర మూరలు. ఇక మా అమ్మాయి లెక్క వేసింది. పడుగులో 2,700 పోగులు, ఒక్కోటి పన్నెండు మూరలు, మొత్తం 32,400 మూరలు. పేకలోనూ సరిగ్గా అంతే. రెండూ కలిపి 64,800 మూరల నూలు. కిలోమీటర్లలో చూస్తే దాదాపు ముప్ఫై, మా గుంటూరులో పట్టుకుని లాగితే తెనాలి దాటుతుంది. ఒక్క చీర! నా కూతురు వడికితే 1,620 గంటలు. మా అమ్మ వడికితే 324 గంటలు, అంటే ఇంటిపని అయ్యాక రోజుకి నాలుగ్గంటల చొప్పున కూచున్నా ఎనభై ఒక్క రోజులు. రాట్నం మీద దీనికంటే చాలా త్వరగా సాగుతుంది, అయినా యంత్రాలు రాకముందు ఒక్క మగ్గం ఆడటానికి ఎక్కడైనా నలుగురైదుగురు వడకాల్సి వచ్చేది. మగ్గం దగ్గర మగవాడు, వడికేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళు. పుస్తకంలో ఒకరికి పేజీలూ నలుగురికి ఒక వాక్యమూ వచ్చాయి.

పిల్ల లెక్క కాయితాన్ని కాసేపు చూసి, ఆ వాక్యం కింద గీత గీసుకుంది. నేను చెప్పలేదు.

రాట్నం మన దేశంలో ఎప్పటి నుంచి ఉందో వెతికితే అక్కడా ఇదే ఎదురైంది. రాట్నం ప్రస్తావన మొదట కనబడేది 1350 ప్రాంతంలో ఇసామీ రాసిన 'ఫుతూహుస్సలాతీన్'లో అని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపించారు. ఇసామీ మన దక్కనులోనే, బహమనీ సుల్తాను నీడన కూచుని రాశాడు. ఇంతకీ రాట్నం మాట అతనికి ఎక్కడ అవసరపడిందంటే, ఢిల్లీని ఏలిన రజియా సుల్తానాని తప్పుపట్టే చోట. ఆడదానికి సింహాసనం ఎందుకు, రాట్నం ముందు కూచోవడమే దానికి తగినది అని అతని అభిప్రాయం. ఒక పనిముట్టు మన సాహిత్యాల్లోకి అడుగుపెట్టడమే ఒక ఆడదాన్ని తిట్టడానికి వచ్చింది. మా అమ్మాయికి ఇది చెప్తే పగలబడి నవ్వింది. దాని తరానికి ఇంకా నవ్వు వస్తోంది, మంచిదే.

ఇంకో ఆధారం మాత్రం నవ్వు తెప్పించేది కాదు. 1828లో బెంగాల్లో శ్రీరాంపూర్ నుంచి వెలువడే 'సమాచార్ దర్పణ్' అనే పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినామె శాంతిపురంలో నూలు వడికే ఒక వితంతువు. పేరు లేదు. చిన్న వయసులో భర్త పోయాడు, ముగ్గురు ఆడపిల్లలు. నూలు వడకడం మొదలుపెట్టింది. నేతగాళ్ళు ఇంటికే వచ్చి నూలు కొనుక్కుపోయేవాళ్ళు. ఆ డబ్బుతోనే సంసారం ఈదింది, ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళూ చేసింది. తర్వాత ఉన్నట్టుండి ఆమె నూలు కొనేవాళ్ళు లేరు, నాలుగో వంతు ధరకిస్తానన్నా లేరు. ఆరా తీస్తే విలాయతీ నూలు వస్తోందని తెలిసింది. ఇక్కడ ఆమె అనుకున్న మాట నన్ను ఇప్పటికీ వదలదు. విలాయతీ వాళ్ళందరూ ధనవంతులనుకున్నాను, అక్కడ నాకంటే బీద ఆడవాళ్ళున్నారన్నమాట, అంత కష్టపడి వడికింది ఇంత చవగ్గా సముద్రం ఇవతలికి పంపారంటే వాళ్ళెంత లేమిలో ఉన్నారో అని జాలిపడుతుంది. యంత్రం సంగతి ఆమెకి తెలీదు. నూలంటే ఆమె లెక్కలో ఎక్కడో ఒక ఆడదాని చెయ్యి ఉండి తీరాలి. తన బతుకుని కూల్చిన నూలు వెనక కూడా తనలాంటి ఇంకో ఆడదాన్నే ఊహించుకుంది. ఈ ఉత్తరాన్ని తర్వాత గాంధీ తన 'యంగ్ ఇండియా'లో మళ్ళీ వేశారు.

ఇది నేను బిగ్గరగా తెలుగులో చెప్తున్నాను, మా అమ్మాయి వింటోంది, అమ్మ వడుకుతోంది. ముగిశాక మా అమ్మాయి, "మన తాతమ్మ కూడా గాంధీగారి కోసం వడికింది కదా అమ్మమ్మా" అంది.

ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. మా అమ్మమ్మ దేశభక్తురాలు, ఖద్దరు కోసం, స్వాతంత్ర్యం కోసం నూలు వడికింది. మా మావయ్య ఇంట్లో హాల్లో ఆమె ఫోటో పక్కన గాంధీ ఫోటో ఉంటుంది. ఏడాదికోసారి ఆగస్టు పదిహేనుకి ఆ కథ బయటికి వస్తుంది.

అమ్మ తకిలీ మీదనుంచి చూపు తిప్పలేదు. "గాంధీగారి కోసం ఎందుకే? ఉప్పూ పప్పూ కోసం" అంది.

నేను నోరు తెరిచి ఏదో అడగబోయాను. ఎందుకో ఆగాను. పోగు సాగుతుంటే మాట దానంతటదే వచ్చింది. మా తాత పోయేసరికి అమ్మకి నాలుగేళ్ళు, మావయ్య పసివాడు. ఉన్న కాస్త పొలం బాబాయిల చేతిలోకి పోయింది. గుండు చేయించి వంటింట్లో కూచోబెట్టారు. పెద్దింటి విధవ కూలికి వెళ్ళకూడదు. నూలు వడకొచ్చు, అది దేశసేవ కాబట్టి. వారానికోసారి నూలు తీసుకునే ఆయన అరుగు మీద తక్కెడ పెట్టుకుని కూచునేవాడట. అమ్మమ్మ బయటికి రాకూడదు కాబట్టి చిలపలు మోసుకుని వెళ్ళేది ఆరేళ్ళ మా అమ్మ. ఆయన ఒక్కో చిలపా చేతిలో తిప్పి చూసి, పోగు లావుగా ఉందని కొన్ని పక్కన పడేసేవాడు. "ఆ పక్కన పడేసినవి మోసుకుని తిరిగి రావడం ఉంది చూడు" అని ఆగిపోయింది అమ్మ. డబ్బులు మాత్రం మా చిన్నతాత చేతికిచ్చేవాళ్ళు.

పదేళ్ళ కిందట ఇదే అమ్మని నేను ఎదురుగా కూచోబెట్టి, రికార్డరు పెట్టి అడిగాను. గంటన్నర మాట్లాడింది. అందులో దేశభక్తి ఉంది, ఖద్దరు ఉంది, ఉప్పూ పప్పూ లేవు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పటి నుంచీ మనమందరం అడిగి రాసుకోవడం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ళు అధికారిక చరిత్రకి అందని తమ గొంతుతో మాట్లాడిన పుస్తకం అది. అడిగేవాళ్ళు ఎలా కూచోవాలి, ఎంత వినాలి అన్నది ఆ పుస్తకం నుంచే నేర్చుకున్నాననుకున్నాను. కానీ మా అమ్మ విషయంలో నా ప్రశ్నలకంటే పెంకు తకిలీయే పని చేసింది. చెయ్యి పనిలో పడితే నోటికి కాపలా తగ్గుతుందేమో. లేక అడిగింది నేను కాకుండా మనవరాలు కావడం వల్లేమో. అక్కడ కాస్త అసూయపడ్డానని ఒప్పుకుంటాను.

అసలు మన భాషలో స్త్రీల చరిత్ర మొదలైందే ఇంటి చదువులోంచి. భండారు అచ్చమాంబ (1874–1905) ఏ బడికీ వెళ్ళలేదు. చిన్ననాడే పెళ్ళి చేశారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట ఉండి చదువుకుంటుంటే, అతని చదువు పక్కన కూచుని తానూ చదువుకుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలోనే తిరిగి, చదివి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం తెచ్చింది. ఆడవాళ్ళు అబలలూ కాదు, తెలివి తక్కువ వాళ్ళూ కాదు అని చూపడానికి చరిత్రంతా గాలించింది. రాణులు దొరికారు, విదుషులు దొరికారు. పేరున్నవాళ్ళే దొరుకుతారు కదా మరి. శాంతిపురం ఆమె అచ్చమాంబ పుట్టడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే రాసింది గానీ, పేరే లేనిదాన్ని రత్నమాలలో ఎక్కడ గుచ్చుతారు? అచ్చమాంబ ఒక్కతే అంత పని చేసింది, ఆమెని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాతి నూట ఇరవై ఏళ్ళలో మనం ఎంత చేశామన్నదే నాకు గుచ్చుకునేది.

గాంధీని తప్పుపట్టడమూ ఇక్కడ అంత తేలిక కాదు. 1925లో మొదలైన అఖిల భారత చరఖా సంఘం లక్షల మంది ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులిచ్చింది. ఆ కూలి మరీ హీనంగా ఉందని 1935లో గాంధీయే పట్టుబడితే వడికేవాళ్ళకి కనీస కూలి ఉండాలని సంఘం తీర్మానించింది. ఖద్దరు ఖరీదు పెరుగుతుందని సంఘంలోనే గొణిగినవాళ్ళున్నారు. అంటే వడకడం కూలిపనేనని, దానికి రేటు ఉండాలని ఆ సంఘానికి తెలుసు. మా ఇంటికే తెలీదు. మా ఇంట్లో అది సేవ. సేవకి కూలి అడగకూడదు, అడిగినా చేతికి రాకూడదు.

2022లో బళ్ళు తెరిచాక, రైళ్ళు తిరిగాక, శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళాం ముగ్గురమూ. అక్కడ కొండపత్తిని గింజ మీద ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళు దూదిని చిక్కుతీసి చెత్త వదిలిస్తాయి. ఏకుల్ని ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, ఒకే కదురున్న పెద్ద రాట్నం మీద వడుకుతారు. దవడ ఎముకని చేతిలో పెట్టించుకుని మా అమ్మాయి చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఫోటోలు తీసుకోడానికి వచ్చిన వాళ్ళు మాతో పాటు ఇంకొందరున్నారు. అందరూ చేపనీ రాట్నాన్నీ చూస్తున్నారు. వడుకుతున్న ఆమెని, నీకు రోజుకి ఎంతొస్తుందమ్మా అని అడిగింది మా అమ్మ ఒక్కతే. ఆమె చెప్పింది. అమ్మ తల పంకించి, ఆ డబ్బు ఎవరి చేతికి ఇస్తారని రెండో ప్రశ్న వేసింది. తన చేతికే అంది ఆమె. అమ్మ ఆమె పక్కనే నేల మీద చతికిలబడి కూచుంది, ఇక మేం లేపేదాకా లేవలేదు.

మావయ్యతో మాత్రం ఇప్పటికీ మాటలు సరిగ్గా లేవు. బడి తెరిచాక మా అమ్మాయి వంశవృక్షం వేసింది. అందరూ ఇంటిపేర్లతో మగవాళ్ళ కొమ్మలు వేస్తే ఇది ఆడవాళ్ళని కిందకి దింపుకుంటూ వెళ్ళింది, ఒక్కొక్కరి పేరు పక్కన వాళ్ళు చేసిన పని. మావయ్య అది ఫోనులో చూశాడు. "మా అమ్మ కూలి చేసిందని రాస్తారా? ఊళ్ళో ఎవరైనా చూస్తే?" అన్నాడు. స్వాతంత్ర్యం కోసం వడికింది అని మార్చమన్నాడు. అక్కా నువ్వయినా చెప్పు అని అమ్మని అడిగాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆయనకి తల్లి మిగిల్చిన ఆస్తి ఆ ఒక్క కథే.

అమ్మ చార్టు తెప్పించుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తాతమ్మ పేరు పక్కన "నూలు వడికేది, కూలికి" అని ఉంది. పెన్సిలు అడిగింది. కొట్టేస్తుందనుకున్నాను. "సన్నటి నూలు" అని మధ్యలో ఒక మాట చేర్చి ఇచ్చేసింది.